ఇళ్లలో నగల పార్టీ పెట్టి అమ్మడం: విశాఖలో మొదలుపెట్టేవారికి పూర్తి లెక్క

మీరడిగింది ఇదీ. ఎంవీపీ కాలనీలో ఉంటారు, చేతిలో 30,000 రూపాయలున్నాయి, వన్ గ్రామ్ గోల్డ్, కాస్త వెండి తెచ్చి తెలిసినవాళ్ల ఇళ్లలో పదిహేనుమందిని పిలిపించి అమ్మాలనుకుంటున్నారు. ఎంత సరుకు తేవాలి, ఇల్లిచ్చిన ఆవిడకి ఏమివ్వాలి, నష్టం ఎక్కడొస్తుంది అని మీ ప్రశ్న.

నష్టం సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ దాన్నిబట్టే ఉంటాయి. ఈ పనిలో డబ్బు పోయేది మూడు దారుల్లో: అరువు, కదలని సరుకు, ఇంటావిడతో మాట తేడా రావడం. మొదటి రెండూ రెండు మూడు నెలల్లో పూడ్చుకోవచ్చు. మూడోది పూడదు. వచ్చినవాళ్లు మిమ్మల్ని చూసి రారు, ఆవిడ పిలిచిందని వస్తారు. గాజు నెలకే నల్లబడితే మీకు ఫోన్ చెయ్యరు, లిఫ్టులో కనబడినప్పుడు ఆవిడని అడుగుతారు. అందుకని ధర కట్టినా, అరువిచ్చినా, వస్తువు వెనక్కి తీసుకున్నా ‘దీనివల్ల ఆవిడ ఎవరికైనా సమాధానం చెప్పుకోవాల్సి వస్తుందా’ అని ఒక్కసారి ఆలోచించండి.

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో కూడా తెలిసుండాలి. అమెరికాలో 1951లో ప్లాస్టిక్ డబ్బాలు చేసే టప్పర్‌వేర్ కంపెనీ దుకాణాల్లో అమ్మకం మానేసి పూర్తిగా ఇళ్ల పార్టీల మీదికి మళ్లింది. అరలో పెడితే ఆ డబ్బా మూత ఎలా బిగుస్తుందో జనానికి అర్థంకాలేదు, ఇంట్లో చూపిస్తే అర్థమయింది. నగ కూడా అంతే. ట్రేలో చూసి వదిలేసిన చోకర్‌ని మెడకి పెట్టుకుని పక్కనున్న వదినగారు ‘నీకు బాగుంది’ అన్నాక కొంటారు. కాబట్టి మీ పార్టీలో ఎక్కువ సమయం, ఎక్కువ చోటు అద్దం ముందుకి పోవాలి, మీ మాటలకి కాదు.

పేరంటంతో కలిపేద్దామని చాలామందికి తోస్తుంది. వద్దు. బొట్టు పెట్టి పిలిచిన పేరంటానికి వచ్చిన ముత్తైదువ తాంబూలం పుచ్చుకుని వెళ్లడానికొస్తుంది. అక్కడ ట్రేలు పరిస్తే కొనకుండా లేవడానికి మొహమాటపడి 150 రూపాయల కమ్మలు తీసుకుంటుంది, మళ్లీ పిలిస్తే మాత్రం రాదు. వరలక్ష్మీ వ్రతం రోజు అసలే వద్దు. ‘శనివారం మూడింటికి మా ఇంట్లో నగలు పెడుతున్నారు, చూసి వెళ్లండి, కొనాలని లేదు’ అని ఇంటావిడ నోటితోనే ముందుగా చెప్పించండి. కొనకుండా వెళ్లినా ఏమీ అనుకోరని తెలిసినవాళ్లే నిశ్చింతగా కొంటారు.

ఇక సరుకు. 30,000లో 21,000 మాత్రమే నగల మీద పెట్టండి. 4,000 ట్రేలు, గుడ్డ, అద్దాలు, కవర్లకి. మిగిలిన 5,000 ముట్టుకోవద్దు. మొదటి రెండు పార్టీల్లో ఏది కదిలిందో చూశాక దాన్నే మళ్లీ తేవడానికి అది కావాలి. మొత్తం డబ్బు మొదటిరోజే సరుకు చేసేసినవాళ్లు అమ్ముడుపోని హారాలు దగ్గర పెట్టుకుని, అందరూ అడుగుతున్న బుట్టలు తేలేక ఆగిపోతారు.

21,000ని ఇలా విడగొట్టవచ్చు. జత సగటున 90 చొప్పున 45 జతల చెవివి, అంటే బుట్టలు, దిద్దులు, చిన్న కమ్మలు: 4,050. సెట్టు 150 చొప్పున 20 సెట్ల గాజులు: 3,000. నల్లపూసలు, రోజూ వేసుకునే సన్న చైన్లు 15, ఒక్కోటి 180 చొప్పున 2,700. చోకర్లు, పొట్టి నెక్లెస్ సెట్లు 12, 400 చొప్పున 4,800. హారాలు 5 మాత్రమే, 700 చొప్పున 3,500. మిగిలిన 2,950కి 925 వెండిలో ముక్కుపుడకలు, మెట్టెలు, చంటిపిల్లల దిద్దులు. హారాలు ఐదేనా అనకండి. హారం బల్లకి నిండుతనం తెస్తుంది, అందరూ పెట్టుకుని చూస్తారు, ఫొటో తీసుకుంటారు, చివరికి చెవివి, నల్లపూసలు కొంటారు. డబ్బు తిరిగేది 150 నుంచి 600 మధ్య ధరల్లో. వడ్డాణాలు, జడబిళ్లలు, అరవంకీలు మొదట్లో తేవద్దు. అవి పెళ్లివాళ్లు అడిగినప్పుడు తెప్పించేవి, లేదా అద్దెకి తిప్పేవి.

గాజుల సైజుల దగ్గర కొత్తవాళ్లు తప్పకుండా పొరబడతారు. 2.4, 2.6, 2.8, 2.10 అనేవి దశాంశాలు కావు. మొదటి అంకె అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. 2.4 అంటే లోపలి వ్యాసం 2 అంగుళాల 4/16, అంటే 57.2 మిల్లీమీటర్లు. 2.6 అంటే 60.3, 2.8 అంటే 63.5, 2.10 అంటే 66.7. 2.10ని 2.1 అనుకుని చిన్న సైజుగా లెక్కేసి ఆర్డర్ పెట్టేవాళ్లున్నారు. అది వీటన్నిటిలో పెద్దది. 20 సెట్లలో 9 సెట్లు 2.6, చెరో ఐదు 2.4, 2.8, ఒక్కటి 2.10 తెచ్చుకుంటే మొదటి రెండు పార్టీలకి సరిపోతుంది. సైజు అడిగితే చాలామంది సరిగ్గా చెప్పలేరు. నాలుగు సైజుల్లో నాలుగు పాత గాజులు ఒక తాడుకి కట్టి కొలతకి పెట్టుకోండి. కొత్త గాజుల్ని బలవంతంగా ఎక్కించి చూస్తే పూత గీసుకుపోతుంది.

ఎక్కడ కొనాలన్నదానికి నా సలహా: మొదటి సరుకు ఊళ్లోనే తీసుకోండి. వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ వైపు రెండు పూటలు తిరిగితే ధరలు తెలుస్తాయి. ధర కొంచెం ఎక్కువ పడినా డజన్లు కాకుండా ఒక్కొక్కటిగా ఏరుకోవచ్చు, కదలనివి మార్చమని అడగవచ్చు. మూడో నాలుగో పార్టీ తర్వాత మీకు కదిలే రకాలు తెలిశాక మచిలీపట్నం చిలకలపూడి వెళ్లండి. విజయవాడ నుంచి 70 కిలోమీటర్లు. గిల్టు నగలకి పేరుపడ్డ చోటు, పట్టీలు, గొలుసులు, గాజులు అక్కడ తయారవుతాయి. హైదరాబాద్ బేగంబజార్, గాజులకి లాడ్ బజార్, సీజెడ్ (వజ్రంలా మెరిసే కృత్రిమ రాళ్ల) రకాలకి ముంబై మలాడ్ ఆ తర్వాతి మాట. వాట్సాప్‌లో ఫొటో చూసి పొరుగు రాష్ట్రం నుంచి మొదటి ఆర్డరే 10,000కి పెట్టకండి. ఫొటోలో బరువు తెలీదు, వెనకవైపు కనబడదు.

వస్తువు చేతిలోకి తీసుకోగానే తిరగేయండి. ముందువైపు అందరూ బాగానే చేస్తారు. వెనక పూత మచ్చలుగా ఉందా, రాయి చుట్టూ గమ్ బయటికొచ్చిందా, అతుకుల దగ్గర నల్లగా ఉందా చూడండి. చిన్న అయస్కాంతం ఒకటి పర్సులో ఉంచుకోండి. ఇత్తడి, రాగి, మంచి స్టీలు మామూలుగా అంటుకోవు. హుక్కు, చెవి కాడ అంటుకుంటే అందులో ఇనుముందన్నమాట. మన ఊరి గాలికి అది మొదట తుప్పుపడుతుంది. అయస్కాంతం అంటుకోలేదు కదా అని మేలురకం అనుకోకూడదు. అది ఇనుమున్నదా లేదా అన్నంతవరకే చెప్తుంది.

‘వన్ గ్రామ్ గోల్డ్’ అనే పేరు గురించి కొనేవాళ్లకి ముందే నిజం చెప్పండి. ప్రతి వస్తువులో ఒక గ్రాము బంగారం ఉంటుందని దానర్థం కాదు. లోపల ఇత్తడో రాగో, పైన మైక్రాన్లలో కొలిచే పలచని బంగారు పూత. ఈ పేరుతో అమ్మేవాటిలో పూత మందం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. అందుకే ‘జీవితాంతం గ్యారంటీ’ లాంటి మాట మీ నోట రాకూడదు. జర్మన్ సిల్వర్ విషయంలో ఇంకా జాగ్రత్త. అందులో వెండి బొత్తిగా ఉండదు: రాగి, నికెల్, జింకు. కుంకుమభరిణెలు, పళ్లేలకి బాగానే ఉంటుంది, కానీ వెండి అనుకుని కొన్నావిడ తర్వాత కంసాలి దగ్గర తెలుసుకుంటే మీరు అబద్ధం చెప్పినట్టే. చెవికి, ముక్కుకి నికెల్ ఉన్నవి ఇవ్వవద్దు. నికెల్ పడనివాళ్లకి దురద, రసి వస్తాయి. ‘మీకు గిల్టు కమ్మలు పడతాయా’ అని అడిగి, పడవన్నవాళ్లకి 925 వెండి కాడ ఉన్నవి చూపించండి.

925 అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి. దీన్ని గిల్టు నగల్లా గంపగుత్త ధరకి అమ్మకండి. బరువు, ఆరోజు వెండి ధర, మజూరీ విడివిడిగా రాసిన చీటీ ఇవ్వండి. బంగారం జోలికి మాత్రం ఈ దశలో వెళ్లవద్దు. 2 గ్రాముల లోపు వస్తువులకి మినహాయింపులాంటివి ఉన్నా, హాల్‌మార్క్ బంగారు నగ మీద 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ, అంటే అక్షరాలు, అంకెలు కలిపి 6 ఉండే ఆ నగ గుర్తింపు కోడ్, ఉండి తీరాలి. దానికితోడు ఒకరింటి హాల్లో అంత విలువైన వస్తువు పోతే ఎవరూ తట్టుకోలేరు.

ఉప్పుగాలి సంగతి విడిగా చెప్పాలి. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో తెరిచి పెట్టిన ఇత్తడి వస్తువు పచ్చగా చిలుమెక్కడం కళ్లముందే కనిపిస్తుంది. గాలిలోని ఉప్పు, తేమ కలిసి పూత సన్నగా ఉన్నచోట ఇత్తడిని తినేస్తాయి. వెండి నల్లబడడం వేరే కారణం, అది గాలిలోని గంధకపు వాయువుల వల్ల. రెండింటికీ మందు ఒకటే, గాలి తగలనివ్వకపోవడం. ఒక్కో వస్తువు ఒక్కో జిప్ కవర్లో, గాలి నొక్కేసి, పది కవర్లకి ఒక సిలికా జెల్ పొట్లంతో మూత బిగిసే డబ్బాలో పెట్టండి. రెండు వస్తువులు ఒకే కవర్లో వేస్తే రాపిడికి పూత పోతుంది. దూదిలో చుట్టి పెట్టేవాళ్లుంటారు, మన తేమకి దూది నీరు పట్టి అదే మచ్చలు తెస్తుంది. పొట్లాలు నెలకోసారి మార్చాలి. డబ్బా అటక మీదో బీరువాలోనో ఉండాలి తప్ప వంటింటి గోడ పక్కన కాదు.

కొన్నవాళ్లకి ఇచ్చే కవర్లో చిన్న కాగితం పెట్టండి: సెంటు, పౌడరు అయ్యాక చివర్లో నగ పెట్టుకోవాలి, తీయగానే పొడిగుడ్డతో తుడవాలి, స్నానానికి ముందు తీసేయాలి. కుందన్, కెంపుల నగల్లో రాయి వెనక తళుకు రేకు ఉంటుంది. నీళ్లు లోపలికి పోతే రేకు నల్లబడి రాయి చచ్చినట్టు కనిపిస్తుంది. అది బాగుచేయించడం కష్టం.

ఇక ఇల్లు, సమయం. మొదటి పార్టీకి మీ ఇల్లు వద్దు, మీ ఇంట్లో మీరే అతిథి మర్యాదలు చేస్తూ లెక్క తప్పుతారు. హాల్లో దివాన్‌కాట్ ఉండి, పగటి వెలుతురు వచ్చే ఇల్లు చూసుకోండి. ఇల్లాళ్లు ఎక్కువున్నచోట మధ్యాహ్నం 3 నుంచి 5:30. ఉద్యోగాలు చేసేవాళ్లుంటే ఆదివారం 11 నుంచి 1. మంగళ, శుక్రవారాలు డబ్బు చేతిలోంచి ఇవ్వడానికి కొందరు వెనకాడతారు కాబట్టి బుధ, శనివారాలు మేలు. నెల మొదటి వారంలో పెట్టిన పార్టీకి, 25 తర్వాత పెట్టిన పార్టీకి తేడా మీ గల్లాపెట్టెకే తెలుస్తుంది. స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులుండే ఉక్కునగరం, కూర్మన్నపాలెం వైపు అయితే ఇంటాయన షిఫ్ట్ అడిగి తెలుసుకోండి. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన మనిషి పక్కగదిలో పడుకుని ఉంటే ఇంటావిడ మనసంతా అక్కడే ఉంటుంది, పార్టీ అరగంటలో ముగుస్తుంది. నేవీ కుటుంబాలున్నచోట అభిరుచి వేరు. ఉత్తరాది వాళ్లు కుందన్, ఆక్సిడైజ్డ్ అడుగుతారు, కాసులపేరు వైపు చూడరు.

కాలం విషయంలో, ఆషాఢం చివరి రెండు వారాలు అన్నిటికంటే మంచివి. శ్రావణంలో నోములు, పెళ్లిళ్లు ఉంటాయి, వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి అలంకరణకి కూడా చిన్న నెక్లెస్‌లు, వడ్డాణాలు అడుగుతారు. 4 నుంచి 6 అంగుళాల అమ్మవారి నగలు ఐదారు పెట్టుకోండి, తప్పకుండా పోతాయి. సంక్రాంతికి ముందు మూడు వారాలు ఇంకో మంచి సమయం. మార్గశిరంలో గురువారాలు మాత్రం వదిలేయండి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనాలు, ఇళ్లలో లక్ష్మీపూజలు ఉంటాయి, పిలిచినా రారు. మార్చిలో పిల్లల పరీక్షలు, అప్పుడు పార్టీలు తగ్గించి సరుకు సరిచూసుకోండి.

బల్ల పరిచే పద్ధతికి ఒక గంట కేటాయించండి. పువ్వుల దుప్పటి మీద నగ కనబడదు. రెండున్నర మీటర్ల ముదురు మెరూన్ లేదా సీసాపచ్చ వెల్వెట్ గుడ్డ చాలు. ట్రేలు ఎనిమిది, ఒక్కోదాంట్లో పన్నెండుకి మించకుండా. ప్రతి ట్రేకి నంబరు, ప్రతి వస్తువుకి దారంతో కట్టిన చిన్న అట్టముక్క, దాని మీద కోడ్, ధర. బల్ల ఎత్తు రెండున్నర అడుగులకి తగ్గితే చిన్నపిల్లల చేతులు అందుతాయి. నిలువుటద్దం ఒకటి ఇంటావిడని అడగండి, చేతి అద్దాలు రెండు మీరు తీసుకెళ్లండి. లైటు గురించి చాలామంది పట్టించుకోరు. ట్యూబ్‌లైటు తెల్లదనంలో పూత పాలిపోయినట్టుంటుంది. పసుపురంగు బల్బుల కింద అంతా మేలిమి బంగారంలా మెరుస్తుంది, ఇంటికెళ్లి పగటి వెలుతురులో చూసుకున్నాక మోసపోయామనిపిస్తుంది. 4000 కెల్విన్ అని రాసి ఉండే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు రెండు, క్లిప్ హోల్డర్లతో తీసుకెళ్లండి. అసలు రంగుకి దగ్గరగా చూపిస్తాయి.

ఒక్కరే వెళ్లకండి. మీరు చూపిస్తూ, పెడుతూ ఉంటే డబ్బు, పుస్తకం చూసుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఎవరికైనా ఒకసారికి ఒక ట్రేనే ఇవ్వాలి, అది లెక్కపెట్టి తిరిగి పెట్టాకే రెండోది. ఇది అనుమానంతో చేసేది కాదు. పదిహేనుమంది ఒక్కసారి చేతులు పెడితే కమ్మ జతల్లో ఒకటి సోఫా సందులోకి పోతుంది, పార్టీ అయ్యాక ఒంటి కమ్మ కనబడితే ఇంటావిడ మనసు చివుక్కుమంటుంది. వెళ్లేముందు ట్రేల వారీగా లెక్క ఆవిడ ఎదుటే సరిచూసి, సరిపోయిందని ఆవిడకి చెప్పి కదలండి.

చెవివి చెవికి పెట్టుకోనివ్వవద్దు. అద్దం ముందు చెవి పక్కన పట్టుకుని చూసుకుంటే చాలు. ఎవరైనా పెట్టేసుకుంటే కాడని సర్జికల్ స్పిరిట్‌తో తడిపిన దూదితో తుడవండి, రాళ్లకి, ముత్యాలకి స్పిరిట్ తగలకూడదు, గమ్ వదులుతుంది, ముత్యం పై పూత పోతుంది. అలాగే తినేవి నగలు చూడడం అయ్యాకే. మిరపకాయ బజ్జీ తిన్న చేత్తో మ్యాట్ ఫినిష్ పట్టుకుంటే ఆ నూనె మరక వెల్వెట్‌కీ నగకీ పట్టి వదలదు. వచ్చినవాళ్లకి మంచినీళ్లు, మజ్జిగ ముందిచ్చి, గంట తర్వాత టీ, టిఫిన్ వేరే గదిలో పెట్టించండి. తినడానికి లేచినప్పుడు కొనాలా వద్దా అని తమలో తాము మాట్లాడుకుంటారు, ఆ పదినిమిషాలు మీరు అక్కడికి వెళ్లకండి.

బేరం. విశాఖలో అడగకుండా ఎవరూ కొనరు. అయినా ఒక గదిలో ఒకే వస్తువుని ఒకరికి 450కి, ఇంకొకరికి 400కి ఇచ్చారో, ఆ సంగతి సాయంత్రం లోపలే తెలుస్తుంది, 450 ఇచ్చినావిడ ఇంటావిడని నిలదీస్తుంది. కాబట్టి ధర అట్టముక్క మీదున్నదే. తగ్గింపు అందరికీ ఒకేలా, ముందే రాసిపెట్టి ఉండాలి: 2,000 దాటితే 5 శాతం. కొన్న ధర 100 అయితే అమ్మే ధర 180 నుంచి 200 మధ్య పెట్టండి. అంతకంటే తక్కువైతే కింది ఖర్చులకి నిలవదు, ఎక్కువైతే ఫోన్లో అదే డిజైన్ ఆన్‌లైన్ ధర చూపిస్తారు.

ఒక పార్టీ లెక్క ఎలా ఉంటుందో ఉదాహరణకి వేసి చూద్దాం. 14 మంది వచ్చారు, 9 మంది కొన్నారు, ఒక్కొక్కరు సగటున 850. అమ్మకం 7,650. అందులో సరుకు అసలు 55 శాతం అనుకుంటే 4,208. ఇంటావిడకి అమ్మకంలో పదిశాతం, అంటే 765 విలువైన నగ ఆవిడ ఇష్టపడ్డది, మీకు పడే అసలు 421. టిఫిన్, టీ 400. ఆటో రానూపోనూ 350. కవర్లు, డబ్బాలు 180. మరమ్మతులకి, వెనక్కి వచ్చేవాటికి 3 శాతం తీసి పక్కన పెడితే 230. మొత్తం 5,789. మిగిలేది 1,861. సర్దడానికి 3 గంటలు, దారికి గంటన్నర, పార్టీ 3 గంటలు, తర్వాత లెక్క, ఫోన్లు రెండున్నర: 10 గంటల పని. ‘7,650 వచ్చాయి’ అని సంబరపడి ఖర్చుపెట్టేస్తే రెండో నెలలో సరుకుకి డబ్బుండదు. సరుకు డబ్బుకి వేరే కవరో, వేరే ఖాతానో ఉండాలి.

ఇంటావిడకి నగదు ఇవ్వవద్దు, నగే ఇవ్వండి. నగదిస్తే ‘మన దగ్గర కమీషన్ తీసుకుందట’ అన్న మాట పుడుతుంది, ఆవిడ తలెత్తుకోలేదు. పదిశాతం నగ అని వచ్చినవాళ్లందరికీ తెలిసేట్టే చెప్పండి, అందులో దాపరికం లేదు, అది విని ‘మా ఇంట్లోనూ పెట్టండి’ అనేవాళ్లు వస్తారు. టిఫిన్ ఖర్చు మీరే భరించండి. ఆ బహుమతి లెక్క పార్టీరోజు కాకుండా, మార్పిడి గడువు వారం రోజులు అయ్యాక కట్టండి, లేకపోతే ఖరీదైన హారం వెనక్కి వచ్చాక ఇచ్చిన నగ తిరిగి అడగలేరు.

అరువు మీద గట్టిగా ఉండాలి. పూర్తిగా లేదనడం మన ఊళ్లో కుదరదు. 1,000 దాటిన కొనుగోలుకి సగం ఇప్పుడు, సగం ఫలానా తేదీకి, ఆ తేదీ పుస్తకంలో ఆవిడ చేత్తోనే రాయించాలి. ఇంటావిడని పూచీ అడగవద్దు, వసూలుకి ఆవిడని పంపవద్దు. ఒకసారి పంపితే ఆ ఇంటి తలుపు మీకు మూసుకుంటుంది. బయటున్న బాకీ మొత్తం 3,000 దాటిన రోజున కొత్త అరువు ఆపేయండి. ఫోన్‌పే, గూగుల్‌పే డబ్బులకి వాళ్లు చూపించే స్క్రీన్‌షాట్ కాదు, మీ ఫోన్లో జమ కనబడ్డాకే వస్తువు కవర్లో పెట్టాలి. మీ సహాయకురాలికి ఈ ఒక్క నియమం గట్టిగా చెప్పండి.

మరమ్మతు పెట్టె ఎప్పుడూ వెంట ఉండాలి: సన్నమూతి ప్లయర్లు రెండు, 5, 6 మిల్లీమీటర్ల రింగులు, హుక్కులు, వెనక కట్టే దోరీలు, కమ్మల శీలలు, బి-7000 గమ్. ఊడిన రాయిని ఫెవిక్విక్‌తో అంటించవద్దు. దాని ఆవిరి రాయి మీద, రేకు మీద తెల్లటి పొర కట్టిస్తుంది, దాన్ని పోగొట్టడం కష్టం. బి-7000 పూర్తిగా గట్టిపడడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టి అక్కడికక్కడ అతికించి ఇచ్చేయకండి, తీసుకెళ్లి తిరిగివ్వండి. మూడునెలల లోపు రాయి ఊడితే ఉచితంగా వేసిస్తామనండి. అట్టముక్క తెగని వస్తువు వారంలోపు మార్చుకోవచ్చు, చెవివి, ముక్కువి మాత్రం మార్చం అని బోర్డు రాసిపెట్టండి. ఈ రెండు మాటలు నిలబెట్టుకుంటే రెండో పిలుపు దానంతటదే వస్తుంది.

ఒకే వర్గంలో మూడు నెలలకి ఒకసారికి మించి పెట్టకండి. ఎంవీపీలో 12 సెక్టార్లున్నాయి, ఒక సెక్టార్ నుంచి ఇంకో సెక్టార్‌కి, అక్కడినుంచి సీతమ్మధార, మద్దిలపాలెం వైపు కదలండి. ప్రతి పార్టీలోనూ తర్వాతి ఇంటిని, తేదీని అక్కడే ఖాయం చేసుకోండి, ‘చూద్దాం’ అన్నది జరగదు. వాట్సాప్ గ్రూపులో అడగకుండా ఎవరి నంబరూ చేర్చవద్దు. పార్టీకి రెండ్రోజుల ముందు ఆరేడు ఫొటోలు చాలు, రోజూ యాభై పెడితే మ్యూట్ చేస్తారు.

చట్టం వైపు. గిల్టు నగల మీద జీఎస్టీ 3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవారికి ఏడాది అమ్మకం 40 లక్షలు దాటేవరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ వేరే రాష్ట్రంలోని వారికి అమ్మి పంపడం మొదలుపెడితే ఆ పరిమితి వర్తించదు. కొన్న బిల్లులు దాచండి. ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఆధార్‌తో ఉచితంగా చేసుకోవచ్చు, బ్యాంకు దగ్గర పనికొస్తుంది. ఇంతకంటే ముఖ్యమైనవి రెండున్నాయి. ‘నెలకి 200 కట్టండి, డ్రా తీసి నగ ఇస్తాం’ అనే లక్కీడిప్ స్కీములు పెట్టవద్దు, ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ స్కీముల నిషేధ చట్టం 1978 కిందికి వస్తాయి. ‘5,000 కట్టి మా కింద చేరండి, ఇంకో నలుగురిని చేర్చండి’ అనే నగల కంపెనీల మాట కూడా వినకండి. ప్రత్యక్ష విక్రయాల మీద 2021 డిసెంబరులో వచ్చిన నియమాలు పిరమిడ్ పథకాలని నిషేధించాయి, చేరడానికి రుసుము అడగకూడదన్నాయి. అలాంటివాటిలో ముందు పోయేది మీ ఇరుగుపొరుగు డబ్బే.

పెళ్లి సెట్ల అద్దె గురించి చివర్లో అడిగారు. ఆరు నెలలయ్యాక చూడండి. అప్పటికి ఎవరింట్లో పెళ్లీడు పిల్లలున్నారో మీకే తెలుస్తుంది. అద్దెకిచ్చేటప్పుడు అమ్మే ధరంతా డిపాజిట్ తీసుకోవాలి, ఇచ్చేముందు, వచ్చాక రెండువైపులా ఫొటోలు తీయాలి, తిరిగొచ్చిన సెట్టు చెమట తుడిచి ఒకరోజు నీడన ఆరబెట్టాకే డబ్బాలో పెట్టాలి. ప్రస్తుతానికి బుట్టలు, గాజులు, నల్లపూసలతో మూడు ఇళ్లలో మూడు పార్టీలు పెట్టి, ఏ ట్రేలోవి ఎన్ని పోయాయో రాసుకోండి. ఆ కాగితం ఇక్కడ పెడితే రెండో సరుకు ఏం తేవాలో చూసి చెప్తాను.